చెవులు నిలబడకపోతే డాబర్‌మన్ కాదా?

పెంపుడు జంతువుల గురించి పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా అబ్బాయి పట్టుబట్టి డాబర్‌మన్ పిల్లను కొన్నాడు. రెండు నెలలది. తోక అమ్మినవాళ్ళే కట్ చేసి ఇచ్చారు. చెవులు మాత్రం వేలాడుతున్నాయి. చూసినవాళ్ళంతా ‘ఇది డాబర్‌మనా, ఊరకుక్కా’ అని నవ్వుతున్నారు. ఇక్కడి డాక్టరు గారు చెవులు కత్తిరించనన్నారు. అమ్మినాయన మాత్రం ఎనిమిది వేలిస్తే మనిషిని ఇంటికే పంపిస్తానంటున్నాడు. వేలాడే చెవుల్లో చీము పడుతుందని, నిలబెడితేనే ఆరోగ్యమని చెబుతున్నాడు. చేయించమంటారా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చేయించకండి. మీ ఊరి డాక్టరు గారికి నా నమస్కారాలు చెప్పండి. వచ్చే డబ్బును వద్దనడం ఏ వృత్తిలోనూ తేలిక కాదు.

చెవులు నిలబెట్టడమంటే ఏదో క్లిప్పు పెట్టి పైకెత్తడం అనుకుంటారు చాలామంది. చెవి డొప్పలో మూడో వంతో, ఇంకా ఎక్కువో కోసేస్తారు. అంచు పొడవునా కుట్లు వేస్తారు. మిగిలిన ముక్క తనంతట తాను నిలబడదు కాబట్టి లోపల ఊతం పెట్టి టేపు చుడతారు. ఆ టేపు తరచూ విప్పాలి, పుండు చూడాలి, మళ్ళీ చుట్టాలి. ఇలా కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు. ఇంత చేశాక కూడా ఒక చెవి నిలబడి రెండోది వాలిపోయిన కుక్కలు నా దగ్గరకు వచ్చేవి.

ఇది పూర్తి మత్తులో చేయాల్సిన ఆపరేషన్. ఇంటికొచ్చే మనిషి దగ్గర మత్తు మందును బరువును బట్టి లెక్కగట్టే చదువు ఉండదు, ఊపిరి ఆగిపోతే కాపాడే సరంజామా ఉండదు. మూతి కట్టేసి, మీ అబ్బాయిని గట్టిగా పట్టుకోమంటాడు. తర్వాత మన వానలు, మన ఈగలు. కుట్లలో పురుగులు పడితే వాటిని తీయాల్సింది మళ్ళీ మీ ఊరి డాక్టరు గారే. పైగా మనుషుల చెయ్యి అంటే ఏమిటో కుక్కపిల్ల నేర్చుకునే వయసిది. తల మీదికి చెయ్యి వచ్చిన ప్రతిసారీ నొప్పి పుడితే, పెద్దయ్యాక ఎవరైనా తల నిమరబోతే కరవడానికి వస్తుంది. అప్పుడు ‘డాబర్‌మన్ కదా, కోపం ఎక్కువ’ అంటాం.

చీము మాటకొస్తే, చెవి జబ్బులు ఎక్కువగా వచ్చే జాతుల్లో కాకర్ స్పానియల్ ఒకటి. దాని చెవులు గడ్డం దాకా వేలాడతాయి. వాటిని కోయమని ఒక్క బ్రీడరూ అనడు, ఎందుకంటే అవి వేలాడితేనే అందమట! దాని తోక మాత్రం కోస్తారు. ఆరోగ్యమే కారణమైతే కత్తి పడాల్సిన చోటు వేరే కదా.

ఈ జాతిని తయారుచేసింది జర్మనీలో అపోల్డా అనే ఊళ్ళో పన్నులు వసూలు చేసే డాబర్‌మన్ అనే ఆయన, పందొమ్మిదో శతాబ్దంలో. డబ్బు సంచితో తిరిగే మనిషికి తోడుగా కాపలా కుక్క కావాలి. మీద పడ్డ దొంగ చేతికి చెవీ తోకా దొరక్కూడదని కోయడం అలవాటైందని చెబుతారు. కరీంనగర్‌లో మీ గేటు దగ్గరకొచ్చే కొరియర్ కుర్రాడు కుక్క చెవి పట్టుకుని కుస్తీ పడతాడా? అదే జర్మనీ 1980లలోనే చెవులు కోయడాన్ని, 1998లో తోక కోయడాన్నీ నిషేధించింది. అంతకుముందే, 1987లో, యూరప్ దేశాలు స్ట్రాస్‌బర్గ్‌లో కుదుర్చుకున్న పెంపుడు జంతువుల ఒప్పందం కూడా అందం కోసం చెవులు, తోక, గొంతు, గోళ్ళు కోయకూడదంది. అంటే ఈ జాతి పుట్టిన దేశంలో ఇప్పటి పిల్లల చెవులు మీ పిల్ల చెవుల్లాగే వేలాడతాయి. నవ్వేవాళ్ళకు ఈ మాట చెప్పండి.

మన దగ్గర 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. 11వ సెక్షన్ జంతువు అవయవాలు కోయడాన్ని నేరమంటుంది. కొమ్ములు తీయడం, వృషణాలు తీయడం, వాత వేయడం, ముక్కుతాడు వేయడం, వీటికి మినహాయింపు ఉంది. కుక్క చెవీ తోకా ఆ మినహాయింపుల్లో లేవు. జరిమానా ఎంతో తెలుసా? మొదటిసారి దొరికితే పది నుంచి యాభై రూపాయలు. ఎనిమిది వేలు అడిగేవాడికి అది టీ ఖర్చు.

తోక పోయింది, దాని గురించి మీరిప్పుడు చేయగలిగింది లేదు. కళ్ళు కూడా తెరవని మూడు నాలుగు రోజుల పసిదానికి, చాలాసార్లు మత్తే లేకుండా, ఆ పని చేసేస్తారు. ‘పరుగెత్తేటప్పుడు తోకకు దెబ్బ తగలకుండా’ అంటారు కానీ, బ్రిటన్‌లో 2010లో వచ్చిన ఒక అధ్యయనం ఒక్క తోక గాయాన్ని తప్పించాలంటే 500 కుక్కల తోకలు కోయాలని తేల్చింది. మీ అబ్బాయికి ఒక జాగ్రత్త చెప్పండి. కుక్కలు ఒకదాని మనసు ఒకటి తోకలోనే చదువుకుంటాయి. యజమానిని చూసినప్పుడు తోక కుడివైపు ఎక్కువగా, భయపెట్టే కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపు ఎక్కువగా ఊగుతుందని 2007లో ఇటలీ పరిశోధకులు గమనించారు. మీ పిల్లకు ఆ భాష లేదు. వేరే కుక్కలకు పరిచయం చేసేటప్పుడు గొలుసు వదులుగా పట్టుకుని, దూరం నుంచి నెమ్మదిగా దగ్గర చేయమనండి.

ప్రశ్న: మేడమ్, అపార్ట్‌మెంట్‌లో మా స్పిట్జ్ మొరుగుతోందని అసోసియేషన్ వాళ్ళు గొడవ. ‘గొంతు ఆపరేషన్ చేయించండి, లేదా కుక్కను తీసేయండి, ఓటింగ్ పెడతాం’ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: ఓటింగ్ పెట్టుకోనివ్వండమ్మా. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ వచ్చినా సరే అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించలేదు. ఆ కాగితం ప్రింటు తీసి సెక్రటరీ గారి చేతికివ్వండి. అయితే అదే కాగితం, ముఖ్యంగా రాత్రిపూట, పక్కవాళ్ళ నిద్ర చెడకుండా చూడమని మీకూ చెబుతోంది.

ఆపరేషన్ ఆలోచన మానేయండి. స్వరతంతువులు కోసినా కుక్క మొరగడం మానదు, బొంగురు గొంతుతో మొరుగుతుంది. కొన్నింటికి లోపల మచ్చ కట్టి ఊపిరి దారే ఇరుకవుతుంది. మొరగడానికి కారణం మాత్రం అలాగే ఉంటుంది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం దాకా అది బాల్కనీలో ఒంటరిగా ఉంటోంది. కింద లిఫ్టు, వాచ్‌మన్, పాలవాడు, పిల్లులు... దాని డ్యూటీ అది చేస్తోంది! బాల్కనీ తలుపు మూసేయండి. మీరు బయల్దేరే ముందు అరగంట నడిపించండి, వాసన చూస్తూ తిరగనివ్వండి. మధ్యాహ్నం ఎవరైనా ఒకసారి వచ్చి చూసేలా ఏర్పాటు చేసుకోండి. పక్కింటివాళ్ళకు మీరే వెళ్ళి ‘నెల రోజులు టైమివ్వండి’ అని చెబితే సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు స్టెరిలైజేషన్ చేయిద్దామంటే మా వారు ‘మగతనం పోతుంది, పాపం’ అంటున్నారు. ఇక్కడ కృత్రిమ వృషణాలు పెడతారట, అవి పెట్టిద్దామంటున్నారు. – డాలస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా, మీ దేశంలో అవి ఉన్నాయి. మిస్సోరీకి చెందిన ఒకాయన కనిపెట్టి 1990ల నుంచి అమ్ముతున్నారు. 2005లో ఆయనకు నవ్వు తెప్పించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కుక్కకు మాత్రం వాటితో పని లేదు. తన వెనక ఏముందో, ఏం పోయిందో అది అద్దంలో చూసుకోదు. మత్తులో ఉన్న సమయం పెరుగుతుంది, ఒంట్లో ఒక పరాయి వస్తువు మిగులుతుంది. ఇక్కడ ఓదార్పు కావలసింది మీవారికే, అది మీరు కత్తి లేకుండానే ఇవ్వగలరు.

ప్రశ్న: కుక్కల చెవులు కోయడం తప్పంటారు. మరి మున్సిపాలిటీ వాళ్ళు వీధి కుక్కల చెవులు ఎందుకు కోస్తున్నారు? – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మంచి ప్రశ్న బాబూ. అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందనే గుర్తు. ఆ మత్తులోనే చెవి చివర చిన్న గాటు పెడతారు. అది లేకపోతే వచ్చే ఏడాది అదే కుక్కను మళ్ళీ వలేసి పట్టి, మళ్ళీ పొట్ట కోసి చూస్తారు. ఆ గాటు వల్ల లాభపడేది ఆ కుక్కే. డాబర్‌మన్ చెవి వల్ల ఆ డాబర్‌మన్‌కు దక్కేదేమిటో నువ్వే చెప్పు.

ప్రశ్న: మా పగ్ నాలుగు అడుగులు వేస్తే రొప్పుతోంది, రాత్రంతా గురక. ముక్కు రంధ్రాలు వెడల్పు చేయాలని డాక్టరు అన్నారు. మొహం మారిపోతుందేమోనని మా పాప ఏడుస్తోంది. దేవుడిచ్చిన రూపాన్ని మార్చడం తప్పు కాదా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ రూపం దేవుడిచ్చింది కాదండీ. మనుషులు ముద్దుగా ఉందని తరతరాలుగా ముక్కు పొట్టి పిల్లల్నే ఎంచి ఎంచి ఈతకు పెట్టి తెచ్చిన రూపం. మూతి ఎముక కురచైంది, లోపలి మెత్తటి కండ మాత్రం తగ్గలేదు. అందుకే గాలి ఇరుక్కుపోతోంది. ఈ ఆపరేషన్ తప్పకుండా చేయించండి. ముక్కు అంచున చిన్న ముక్క తీస్తారు, అవసరమైతే అంగిలి వెనక వేలాడే భాగాన్ని కాస్త తగ్గిస్తారు. పాపకు చెప్పండి, మొహం అలాగే ఉంటుంది, ముక్కు రంధ్రాలు మాత్రం కాస్త పెద్దగా కనిపిస్తాయి.

కాకపోతే ఇలాంటి కుక్కలకు మత్తు ఇవ్వడం, తర్వాత తెలివి రావడం, రెండూ కష్టమైన ఘట్టాలే. ఆక్సిజన్ సదుపాయం ఉండి, ఆ రాత్రి దగ్గరుండి చూసుకునే చోటే చేయించండి. ముందుగా బరువు తూయించండి. లావుగా ఉంటే పెరుగన్నం, బిస్కెట్లు ఈ రోజే ఆపేయండి. మెడకు పట్టీ కాకుండా ఛాతీకి వేసే బెల్టు కొనండి. గుంటూరు ఎండల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మార్చి దాటకముందే ఆపరేషన్ తేదీ తీసుకోండి.