సేఫ్టీ సర్టిఫికెట్ చూపిస్తే నష్టపరిహారం ఎగ్గొట్టొచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా బావ (35 ఏళ్లు) హైదరాబాద్ శివారులోని ఒక అపార్ట్‌మెంట్ సైటులో మేస్త్రీ కింద సెంట్రింగ్ పని చేసేవాడు. రోజు కూలి 900. 2024 జూన్ 14న ఏడో అంతస్తులో సెంట్రింగ్ విప్పుతూ లిఫ్టు గుంతలో పడి, 18న ఆసుపత్రిలో చనిపోయాడు. మా అక్కకు ఇద్దరు చిన్నపిల్లలు. బావ వాళ్ల అమ్మ కూడా వాళ్లతోనే ఉంటుంది. ఆ రోజు ఖర్చులకని 50,000 ఇచ్చి, తెల్లకాగితం మీద అక్క చేత సంతకం పెట్టించుకున్నారు. కార్మిక శాఖ, బిల్డర్ల సంఘం కలిసి పెట్టిన భద్రతా శిక్షణలో తమ పనివాళ్లందరికీ ట్రైనింగ్ ఇప్పించామని, సర్టిఫికెట్ కూడా ఉందని, బావ బెల్టు తగిలించుకోకపోవడం వల్లే పడ్డాడని బిల్డరు అంటున్నాడు. ‘అతను మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి’ అని కూడా అంటున్నాడు. మేస్త్రీ ఇప్పుడు 3 లక్షలు ఇస్తాను, స్టాంపు కాగితం మీద రాజీ రాసివ్వమంటున్నాడు. ఇరవై నెలలుగా తిరిగి తిరిగి అలిసిపోయాం. తీసుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరంలోని బెల్టు గొడవను ముందు పక్కన పెట్టండి. ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1923లో సెక్షన్ 3 ప్రకారం భద్రతా నియమాన్ని కావాలని ఉల్లంఘించాడనే వాదన యజమానికి దొరికేది గాయం మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ దారితీయనప్పుడే. మనిషే పోయిన చోట ఆ వాదన చెల్లదు. మీ బావ బెల్టు తగిలించుకోలేదనే అనుకుందాం. అయినా పరిహారంలో ఒక్క రూపాయి తగ్గదు. లైఫ్‌లైన్ (బెల్టు తగిలించే తాడు) కట్టారా, గుంత మీద చెక్క మూత పెట్టారా అన్న ప్రశ్నలు పోలీసు కేసులో పనికొస్తాయి. ఇక్కడ వాటి మీద వాదనకు దిగితే మీ టైమే పోతుంది.

ఈ కేసు తేలేది ఒక్క పాయింటు మీద. ఆ రోజు ఆ సైటులో, ఆ బిల్డరు కట్టే భవనం పని మీదే మీ బావ ఉన్నాడని కాగితంతో చూపించగలరా? చూపించగలిగితే ‘మేస్త్రీ మనిషి’ అన్న మాట బిల్డర్ని కాపాడదు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించినవాడు, ఆ కాంట్రాక్టరు కూలీకి నేరుగా తానే యజమాని అయినట్టు పరిహారం చెల్లించాలని సెక్షన్ 12 చెబుతుంది. కట్టిన డబ్బు తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవడం వాళ్లిద్దరి తగువు. అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మడమే బిల్డరు వ్యాపారం కాబట్టి ఈ సెక్షన్ అతనికి నిండుగా వర్తిస్తుంది. సొంతిల్లు కట్టించుకునే మామూలు మనిషి విషయం వేరు. ఇళ్లు కట్టడం అతని వ్యాపారం కాదు.

ఇప్పుడు ఆ సర్టిఫికెట్ సంగతి. ప్రభుత్వమూ పరిశ్రమా కలిసి భద్రత నేర్పడం మంచి పనే. 1998లో హైదరాబాద్‌లో పెట్టిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ అలాంటి ఉమ్మడి ప్రయత్నమే. భవన నిర్మాణ కార్మికుల చట్టం, 1996 కింద ఏర్పడ్డ సంక్షేమ బోర్డులో ప్రభుత్వం, యజమానులు, కార్మికులు సమాన సంఖ్యలో ఉండాలి. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఆ చట్టం ప్రకారం 500 మంది, అంతకు మించి పనిచేసే చోట యజమాని, కార్మికుల ప్రతినిధులతో భద్రతా కమిటీ పెట్టడం తప్పనిసరిగా ఉండేది. అయితే ట్రైనింగ్ ఇప్పించిన బిల్డరుకు పరిహారం మాఫీ అని ఈ చట్టాల్లో ఎక్కడా లేదు. ‘నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కట్టాం, బోర్డే చూసుకుంటుంది’ అన్నా అంతే. బోర్డు సాయం వేరు, యజమాని కట్టాల్సిన పరిహారం వేరు. మీ బావకు కార్మికుడి కార్డు ఉందా, రెన్యూవల్ అయిందా చూసి బోర్డుకు విడిగా దరఖాస్తు పెట్టుకోండి.

పైగా ఆ సర్టిఫికెట్ మీకే సాక్ష్యం. ‘మా పనివాళ్లందరికీ ట్రైనింగ్ ఇప్పించాం’ అన్నవాడు, చనిపోయిన మనిషి తమ పనివాడు కాదని అదే నోటితో ఎలా అంటాడు? ట్రైనింగుకు హాజరైనవాళ్ల జాబితా ఉంటుంది. సైటులో అడుగుపెట్టిన మొదటి రోజు పేరు, ఆధార్ నంబరు రాసుకున్న ఇండక్షన్ రిజిస్టరు ఉంటుంది. హెల్మెట్, బెల్టు ఇచ్చినట్టు సంతకం తీసుకున్న పుస్తకం ఉంటుంది. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు జాగ్రత్తలు చెప్పి సంతకాలు పెట్టించే కాగితాలుంటాయి. గేటు దగ్గర వేలిముద్ర హాజరు ఉంటుంది. బెల్టు ఇచ్చామని నిరూపించుకోవడానికి బిల్డరు ఈ కాగితాలు బయటపెడితే మీ బావ అక్కడి పనివాడని తానే ఒప్పుకున్నట్టు. దాచిపెడితే, వాటిని తెప్పించే అధికారం సెక్షన్ 23 కింద కమిషనర్‌కు (ఈ పరిహారం కేసులు విచారించే కార్మిక శాఖ అధికారికి) ఉంది. తెమ్మన్నా తేకపోతే అవి అతనికి వ్యతిరేకంగా ఉన్నాయనే అనుకోవచ్చని మీ వకీలు వాదిస్తాడు. కాబట్టి కేసు వేసిన వెంటనే ఈ రిజిస్టర్లను ఒక్కొక్కటీ పేరుతో రాసి, తెప్పించమని విడిగా పిటిషన్ వేయండి. ‘సంబంధిత రికార్డులన్నీ’ అని గుంపుగా రాస్తే ఏదో ఒక పనికిరాని ఫైలు తెచ్చి చేతులు దులుపుకుంటారు.

ఇరవై నెలల్లో మీరు చేయాల్సినవి చేయలేదు, అది కూడా చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉందో లేదో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. పంచనామా, పోస్టుమార్టం రిపోర్టుల ఊసే లేదు. బిల్డరు ఆఫీసు చుట్టూ, మేస్త్రీ ఇంటి చుట్టూ తిరిగారు గానీ పోలీస్ స్టేషన్‌కూ లేబర్ ఆఫీసుకూ వెళ్లినట్టు కనబడదు. పక్కన పనిచేసినవాళ్లు ఈపాటికి వేరే సైట్లకు చెదిరిపోయి ఉంటారు. సైటు కెమెరాల్లో అప్పటి దృశ్యాలు ఇప్పటిదాకా ఉంటాయని ఆశ పెట్టుకోకండి.

ఇంకా మిగిలిన గడువు ఇది. మరణించిన తేదీ నుంచి రెండేళ్లలోపు క్లెయిము వేయాలని సెక్షన్ 10. జూన్ 14 నుంచి కాకుండా 18 నుంచి లెక్క కాబట్టి 2026 జూన్ 17 కల్లా దరఖాస్తు దాఖలై ఉండాలి. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉన్న మాట నిజమే. కానీ ‘రాజీ మాటల్లో తిప్పారు’ అన్న కారణాన్ని నమ్ముకుని గడువు దాటించడం పిచ్చిపని. మేస్త్రీ ఇప్పుడు మూడు లక్షలంటూ ముందుకు రావడం వెనక ఈ తేదీ ఉండొచ్చని కూడా గుర్తుపెట్టుకోండి. లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి కాబట్టి పాత చట్టం పోయిందని ఎవరైనా అంటే కంగారుపడొద్దు. హక్కు పుట్టేది ప్రమాదం జరిగిన రోజున. ఆ రోజు అమల్లో ఉన్న చట్టం 1923దే.

ఆ మూడు లక్షల విలువెంతో లెక్కేద్దాం. మరణానికి పరిహారం నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చవేస్తే వస్తుంది. 900 చొప్పున 26 రోజులకు 23,400 అయినా, 2020 జనవరి 3 నుంచి లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000. అందులో సగం 7,500. 35 ఏళ్లకు గుణకం 197.06. మొత్తం 14,77,950 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు కనీసం 5,000 కలుస్తుంది. నెలలోపు కట్టనందుకు ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ. అంటే ఏడాదికి 1,77,354. ఇరవై నెలలకు 2,95,590. మేస్త్రీ ఇస్తానంటున్నది ఈ వడ్డీకి కాస్త పైన, అసలులో ఏమీ లేదు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసినందుకు పరిహారంలో 50 శాతం దాకా పెనాల్టీ వేసే అధికారం కూడా కమిషనర్‌కు ఉంది. ఇన్సూరెన్స్ పాలసీ ఉన్నా ఆ పెనాల్టీని యజమాని తన జేబులోంచే కట్టాలి.

స్టాంపు కాగితం రాజీకి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. మరణం కేసులో పరిహారాన్ని కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాల్సిందే. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది పరిహారం కిందికి రాదని సెక్షన్ 8 చెబుతుంది. హక్కు వదులుకున్నామని రాసిచ్చిన ఒప్పందం చెల్లదని సెక్షన్ 17. ‘చెల్లదు కదా, సంతకం పెట్టేసి డబ్బు తీసుకుని తర్వాత కేసు వేద్దాం’ అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాట వినకండి. అలాంటి కాగితంలో ‘మృతుడు మా దగ్గర పనిచేయలేదు, మానవతా దృక్పథంతో ఇస్తున్నాం’ అని ఒక వాక్యం ఇరికిస్తారు. ఒప్పందం చెల్లకపోయినా ఆ వాక్యం కింద మీ అక్క సంతకం ఉంటుంది. కేసు తేలేది ఆ పాయింటు మీదేనని పైనే చెప్పాను. క్రిమినల్ కేసులో సాక్ష్యం మార్చి చెప్పాలన్న షరతు కూడా దానికి తోడవుతుంది. నిర్లక్ష్యం వల్ల మరణమన్న కేసు (అప్పటి ఐపీసీ 304ఎ) రాజీ పడదగ్గది కాదు. సాక్ష్యం తిప్పితే ఇరుక్కునేది మీవాళ్లే.

తెల్లకాగితం మీద పెట్టిన సంతకానికి ఈ వారంలోనే విరుగుడు చేయండి. ఫలానా రోజున, ఫలానా చోట, ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్నారని, దాన్ని ఎలా వాడినా ఒప్పుకోమని మీ అక్క పేరుతో బిల్డరుకూ మేస్త్రీకీ అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తీసుకున్న 50,000 దాచొద్దు, దరఖాస్తులో రాయండి. ముందుగా ఇచ్చినదాంట్లో మూడు నెలల జీతం మేరకు మినహాయించుకునే వీలు చట్టంలోనే ఉంది.

ఇంకొక ఆశ కూడా పుడుతుంది, జీతం పెంచి చూపిస్తూ దొంగ చీటీ చేయించడం. 15,000 పరిమితి ఉన్నాక 30,000 చీటీ వల్ల పైసా కలిసిరాదు. అది దొంగదని తేలితే మిగతా సాక్ష్యం కూడా నమ్మరు. మేస్త్రీ ఫోన్‌పేలో వేసిన వారపు కూలి బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటే చాలు, అందులో జీతమూ పనీ రెండూ రుజువవుతాయి. మీ బావ ఫోను ఎవరికీ ఇవ్వొద్దు, రీసెట్ చేయొద్దు. సైటులో దిగిన ఫొటోలు, మేస్త్రీ వాట్సాప్ మెసేజ్‌లు ప్రింటు తీసినప్పుడు ఎలక్ట్రానిక్ ఆధారాలకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయించండి.

స్టేషన్ నుంచి ఎఫ్‌ఐఆర్, పంచనామా నకళ్లు తీసుకుని, పడిన చోటు ‘సైటు లిఫ్టు గుంత’ అని రాశారా, ‘మెట్లు’ అని రాశారా చదివి చూడండి. ఆసుపత్రి పోలీసులకు పంపిన మెడికో లీగల్ సమాచారంలో ‘పని చేస్తూ పడ్డాడు’ అని ఉంటే అది విలువైన కాగితం. అది ప్రమాదం రోజునే, లాయర్లెవరూ రాకముందే రాసింది. తోటి పనివాళ్లలో ఇద్దరైనా దొరుకుతారేమో వాళ్ల ఊళ్లలో వెతకండి. మరణం సంభవించిన ప్రమాదాన్ని యజమాని అధికారులకు తెలియజేయాలని 1996 చట్టం సెక్షన్ 39లో ఉంది. ఆ నోటీసు నకలు, సైటు రిజిస్ట్రేషన్ వివరాలు కోరుతూ 10 రూపాయల ఫీజుతో తెలంగాణ కార్మిక శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజులు. దాని కోసం కేసు ఆపొద్దు.

ప్రతివాదులుగా మేస్త్రీ, మధ్యలో కాంట్రాక్టరుంటే అతను, బిల్డరు, పాలసీ తెలిస్తే ఇన్సూరెన్స్ కంపెనీ అందరూ ఉండాలి. మేస్త్రీ ఒక్కడి మీదే వేస్తే ఆర్డరు వస్తుంది గానీ డబ్బు రాదు. బిల్డరు పేరు బోర్డు మీద చూసి రాయకండి. వెంచర్ పేరుతో నోటీసు పంపితే తిరిగొస్తుంది. ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదై ఉంటే ఆ వెబ్‌సైట్‌లో కంపెనీ అసలు పేరు, చిరునామా దొరుకుతాయి. దరఖాస్తుదారులుగా మీ అక్క, పిల్లలిద్దరు, అత్తగారు నలుగురూ కలిసి రావాలి. అత్తగారిని వదిలేస్తే ఆమె విడిగా పిటిషన్ వేస్తుంది, వాటాల దగ్గర ఏడాది నలుగుతుంది. మీరు ఆధారపడ్డవారి కిందికి రారు, సాక్షిగా ఉండండి.

కేసుకు హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. క్లెయిము చేసేవాళ్లు నివసించే చోట కూడా వేయొచ్చని సెక్షన్ 21 చెబుతుంది. కాబట్టి శ్రీకాకుళం జిల్లా మీద అధికార పరిధి ఉన్న కార్మిక శాఖ కమిషనర్ దగ్గర వేయండి. సాధారణంగా ఆ శాఖ డిప్యూటీ కమిషనరో అసిస్టెంట్ కమిషనరో ఈ హోదాలో కూర్చుంటారు. ఆర్డరు మీద బిల్డరు హైకోర్టుకు పోవాలంటే సొమ్మంతా ముందు డిపాజిట్ చేయాలి.

వేసే ముందు ఒక్కటి తేల్చుకోవాలి. మీ బావకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉందా? ఉంటే ఈ చట్టం కింద పరిహారం అడగకుండా ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 53 అడ్డుపడుతుంది. అప్పుడు దారి ఈఎస్‌ఐ ఇచ్చే ఆశ్రితుల పింఛను. నంబరు ఉందేమో పాత కాగితాల్లో, ఫోనుకొచ్చిన మెసేజ్‌లలో వెతికి, దొరికినదాన్ని మీ వకీలుకు చూపించండి. అలాగే సివిల్ కోర్టులో నష్టపరిహార దావా, ఇక్కడ క్లెయిము రెండూ ఒకేసారి కుదరవు. దావాలో నిర్లక్ష్యాన్ని మీరే రుజువు చేయాలి. మీ చేతిలో ఉన్న ఆధారాలకు కమిషనర్ దారే మేలు.

‘వచ్చినదాంట్లో 30 శాతం నాకు’ అనే మధ్యవర్తిని గుమ్మం ఎక్కనివ్వకండి. వకీలైనా సరే, ఫలితంలో వాటా అడగడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. శ్రీకాకుళం కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మీ అక్క చేత దరఖాస్తు పెట్టిస్తే వకీలును వాళ్లే ఇస్తారు. మరణ ధ్రువపత్రం, ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు, మీ బావ వయసుకు రుజువు వెంట తీసుకెళ్లండి. వయసు ఒక్క ఏడాది తేడా వస్తే గుణకం మారుతుంది కాబట్టి స్కూలు సర్టిఫికెట్, ఆధార్ తేదీలు సరిపోతున్నాయో లేదో ముందే చూసుకోండి.