పాత ఎముకల చదువు: తోట తాకట్టు పెట్టి పంపాలా?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ జువాలజీ ఫైనలియర్. ఇంగ్లండులో ఫోరెన్సిక్ ఆర్కియాలజీ (నేరాల దర్యాప్తు కోసం పూడ్చిన శవాలను, ఎముకలను పద్ధతిగా తవ్వి తీసే చదువు), పురాతన మానవుల జబ్బుల మీద ఎమ్మెస్సీ చేస్తానంటోంది. తిరిగొస్తే పోలీసు ల్యాబులో ఉద్యోగం గ్యారంటీ అని కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. మామిడి తోట తాకట్టు పెట్టి పంపమంటారా?

జవాబు: తోట జోలికి ఇప్పుడే పోకండి. అలాగని అమ్మాయిని వద్దనకండి. చదువు మంచిదే, ఆ గ్యారంటీ మాటే అబద్ధం.

మన దగ్గర పూడ్చిన శవాన్ని బయటికి తీయాలంటే తహసీల్దారు సమక్షంలో కూలీలు తవ్వుతారు. పరీక్షించి రిపోర్టు రాసేది ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టరు. ఇందులో ఆర్కియాలజిస్టుకు చోటే లేదు. ఫోరెన్సిక్ ల్యాబుల నోటిఫికేషన్లలో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటి విభాగాల పోస్టులే ఉంటాయి. ఇంగ్లండు పోలీసులైనా కేసు పడ్డప్పుడే ఈ నిపుణులను పిలుస్తారు. అక్కడ నికరంగా దొరికేది రోడ్లు, ఇళ్లు కట్టకముందు జరిగే తవ్వకాల పని. జీతం ఓ మోస్తరు.

పోస్టు లేదంటే అవసరం లేదని కాదు. పంజాబులోని అజ్నాలాలో 2014లో ఒక పాత బావి నుంచి గుట్టల కొద్దీ ఎముకలు తీశారు. తవ్వినవాళ్లు శిక్షణ లేని ఔత్సాహికులు కావడంతో ఏ ఎముక ఎవరిదో తెలియకుండా కలిసిపోయాయి. చివరికి పళ్లలోని డీఎన్ఏ, ఐసోటోపులు (తిన్న తిండి, తాగిన నీరు వదిలే ఆనవాళ్లు) చూసి, వాళ్లు గంగా మైదానం ప్రాంతపు మనుషులని 2022లో తేల్చారు. 1857లో చంపేసిన సిపాయిలవే ఆ ఎముకలన్న వాదనకు దాంతో బలం వచ్చింది. పొరలు పొరలుగా తవ్వి, ఏది ఎక్కడ దొరికిందో రాసుకుని ఉంటే ఇంకెంత తెలిసేదో!

అమ్మాయి అడుగుతున్న రెండో విషయం, పాత జబ్బులు, వేరే పని. నాకైతే మన దేశంలో దానికే ఎక్కువ దారి కనిపిస్తోంది. రాజస్థాన్‌లోని బలాథల్‌లో దొరికిన సుమారు 4 వేల ఏళ్ల నాటి అస్థిపంజరంలో కుష్ఠు ఆనవాళ్లున్నాయని 2009లో ప్రకటించారు. ఆ పరిశోధనలో పుణె డెక్కన్ కాలేజీ వాళ్లూ ఉన్నారు. క్షయ ముదిరితే వెన్నుపూసలు కుంగిపోతాయి, కుష్ఠు ముక్కు దగ్గరి ఎముకను తినేస్తుంది. కలరా, ప్లేగు మాత్రం ఎముకకు పాకేలోపే మనిషిని తీసుకుపోతాయి. అందుకే లండన్ ప్లేగు శ్మశానంలోని పళ్ల నుంచి ఆ బ్యాక్టీరియా జన్యువులను 2011లో చదివారు. అంటే ఎముకలు గుర్తుపట్టడంతో పాటు ల్యాబ్ పని కూడా రావాలి. జువాలజీ అమ్మాయికి అది కలిసొచ్చే విషయమే.

కాబట్టి ముందు ఇక్కడే ఎమ్మెస్సీ ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) చేయించండి. ఎస్వీ యూనివర్సిటీలో ఆ డిపార్టుమెంటు ఉంది, ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. తవ్వకాల మీదే మనసుంటే డెక్కన్ కాలేజీకి అప్లై చేయాలి. తర్వాత యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే, 2023లో పెంచిన లెక్క ప్రకారం నెలకు 37 వేలు వస్తుంది. పాత డీఎన్ఏ మీద పనిచేసే హైదరాబాద్ సీసీఎంబీ, లక్నో బీర్బల్ సాహ్నీ సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. ఎముకల సేకరణలున్న ఆంత్రపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కూడా ఉంది. ఆంత్రోపాలజీని సివిల్స్‌లో ఆప్షనల్‌గా తీసుకునేవాళ్లు చాలామంది. ఆ మాట మీ అమ్మాయికి నచ్చకపోవచ్చు, మీకు మాత్రం టెన్షన్ తగ్గిస్తుంది.

ఈలోగా చంద్రగిరి దగ్గర మల్లయ్యగారిపల్లెలో ఉన్న వేల ఏళ్ల నాటి రాతి సమాధులను ఒక పూట చూసి రమ్మనండి. ఎండలో, రాళ్ల మధ్య గంటల తరబడి కొలతలు రాసుకోవడమే ఈ వృత్తిలో సగం. టీవీ సీరియళ్లలో అది కనిపించదు.

ఎమ్మెస్సీ అయ్యాక కూడా ఇంగ్లండు వెళ్తానంటే అప్పుడు పంపండి. డరమ్, బ్రాడ్‌ఫర్డ్ లాంటి చోట్ల ఈ చదువుకు మంచి పేరుంది. కానీ ఏడాదికి ఫీజు, ఖర్చులు కలిపి 30 లక్షలు దాటొచ్చు, కాబట్టి స్కాలర్‌షిప్ మీద వెళ్లడమే నయం. కామన్‌వెల్త్‌కు అప్లై చేయవచ్చు. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు సుమారు రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి కూడా.

కన్సల్టెన్సీ వాళ్లను మాత్రం ఒకటడగండి: ఈ కోర్సు చేసొచ్చి మన రాష్ట్రంలో పోలీసు ల్యాబులో చేరినవాళ్లు ఎవరున్నారు? ఒక్కరినైనా చూపించమనండి.