వీల్ నట్లు ఎంత తిప్పినా ఊడకపోతే ఏం చేయాలి?

జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే, స్పానర్ పిడికి గట్టి ఇనుప పైపు తొడిగి ఎడమకు తిప్పితే మొండి నట్లు చాలావరకు వదులుతాయి.

నట్లు బిగుసుకుపోయేది ఎక్కువగా ఎయిర్ గన్‌తో అతిగా బిగించడం వల్ల, లేదా మరల్లో తుప్పు వల్ల. వాటిని కదిలించడంలో మన బలం ఎంతో పిడి పొడవూ అంతే. ఉదాహరణకు, 200 న్యూటన్ మీటర్ల బిగువు వదలాలంటే 25 సెం.మీ. పిడి చివర సుమారు 80 కిలోల బరువు పడాలి. పైపుతో పొడవు 50 సెం.మీ. చేస్తే 40 కిలోలు చాలు. హ్యాండ్‌బ్రేక్ వేసి, పిడిని ఎడమవైపు అడ్డంగా ఉంచి కిందికి నొక్కండి. స్పానర్ నట్టు మీద లోపలిదాకా కూర్చోవాలి. సగమే పడితే మూలలు అరిగి గుండ్రమవుతాయి, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. తుప్పు కనిపిస్తే, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి 15 నిమిషాలు ఆగండి. బ్రేక్ డిస్క్ మీద మాత్రం పడనివ్వకండి.

మరలకు నూనె రాసి బిగిస్తే మళ్లీ సులువుగా ఊడతాయని చాలామంది నమ్ముతారు. అది ప్రమాదం: నూనె ఉంటే అదే టార్క్‌కు (నట్టును తిప్పే బలానికి) స్టడ్, అంటే నట్టు ఎక్కే బోల్టు, ఎక్కువ సాగి విరగవచ్చు. స్ప్రే వాడి ఉంటే మరలు శుభ్రంగా తుడిచి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించండి.