ఫిట్స్ మందులు వాడుతున్నాను, రాఫ్టింగ్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది నెల్లిమర్ల దగ్గర. మూడేళ్లుగా ఫిట్స్‌కి లెవెటిరాసెటమ్ 500 ఉదయం, రాత్రి వేసుకుంటున్నాను. చివరిసారి ఫిట్స్ వచ్చింది మొన్న అక్టోబరులో. తొలేళ్ల (పైడితల్లి జాతరలో సిరిమానుకు ముందురోజు) రాత్రంతా విజయనగరంలో తిరిగి తెల్లారి ఇంటికొచ్చాక పడిపోయాను. ఏప్రిల్‌లో ఐదుగురు స్నేహితులం రిషికేశ్ వెళ్లి గంగలో రాఫ్టింగ్ చేసి, రెండు రాత్రులు టెంట్లలో ఉండాలనుకుంటున్నాం. చిన్నప్పటి నుంచి చంపావతిలో ఈదినవాణ్ని, లైఫ్ జాకెట్ ఎలాగూ ఉంటుంది. రాఫ్ట్ ఎక్కేముందు ఒక మాత్ర అదనంగా వేసుకుంటే సరిపోతుందా? నా జబ్బు సంగతి వాళ్లలో ఒక్కడికే తెలుసు.
- ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: రిషికేశ్ వెళ్లండి. రాఫ్ట్ మాత్రం ఈసారికి ఎక్కకండి.

మీకు ఫిట్స్ ఎప్పుడు వస్తాయో మీరే రాశారు. తొలేళ్ల రాత్రి నిద్ర లేదు. ఆ రాత్రి మాత్ర వేసుకున్నారో లేదో రాయలేదు గానీ, జేబులో మాత్రల అట్ట పెట్టుకుని జాతరకు వెళ్లేవాళ్లను నేనింతవరకూ చూడలేదు. మీరు వాడే మందులో సగం ఏడెనిమిది గంటల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. ఒక పూట మానేస్తే తెల్లారేసరికి మిగిలేది కొంచెమే. ఇప్పుడు మీ ప్రయాణం చూడండి. విజయనగరం నుంచి ఢిల్లీకి రైలు, అక్కడి నుంచి రాత్రి బస్సు, దిగాక టెంటు ముందు మంట వేసుకుని కబుర్లు, బహుశా ఒకటి రెండు బీర్లు. ఆ మర్నాడు పొద్దున్నే నది. తొలేళ్ల రాత్రినే మూడు రోజులకు సాగదీసినట్టుంది.

ఫిట్స్ ఉన్నవాళ్లు నీళ్లలో మునిగి చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 15 నుంచి 19 రెట్లు ఎక్కువని అధ్యయనాలు తేల్చాయి. ఈత వచ్చినా తేడా ఉండదు, స్పృహ లేనివాడికి ఈత ఏం పనికొస్తుంది? లైఫ్ జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది, నిజమే. కానీ స్పృహ తప్పిన మనిషి ముఖం నీటికి పైనే ఉంటుందన్న హామీ రాఫ్టింగ్ జాకెట్లకు లేదు. రాఫ్ట్ బోల్తాపడితే వెల్లకిలా తేలాలి, కాళ్లు నీరు పోయే వైపు పెట్టుకోవాలి, విసిరిన తాడు పట్టుకోవాలి అని గైడ్ ముందే చెప్తాడు. ఇవన్నీ తెలివిలో ఉన్నవాడు చేసే పనులు. మీ ఒక్కరి కోసం ఆ ఉరవడిలో మిగతా నలుగురూ దూకాల్సి వస్తుంది. అక్కడ సంతకం చేయించుకునే ఫారంలో ఫిట్స్ ఉన్నాయా అనే ప్రశ్న మామూలుగా ఉంటుంది. లేవని రాసి ఎక్కాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

అదనపు మాత్ర వద్దు. దానివల్ల మత్తు, తల తిరగడమే తప్ప ఆ రెండు గంటలకు రక్షణ ఏమీ రాదు. రోజూ వేసుకునే సమయానికి మాత్ర పడిందా, ఆ రాత్రి ఏడు గంటలు పడుకున్నారా అన్నదే ముఖ్యం. మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, తరువాతి పూట రెండు కలిపి మింగొద్దు. ప్రయాణానికి కావలసిన దానికంటే వారం రోజుల మందు ఎక్కువ తీసుకెళ్లండి. సగం మీ దగ్గర, సగం స్నేహితుడి బ్యాగులో.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ప్రయాణంలో విరేచనాలైతే మందుల షాపులో అడగగానే ఇచ్చేది ఎక్కువగా ఆఫ్లాక్సాసిన్ కలిసిన మాత్ర. ఒళ్లు నొప్పులంటే కొన్నిచోట్ల ట్రమడాల్ ఇస్తారు. ఈ రెండూ ఫిట్స్‌ని రేపగలవు. ‘నాకు ఫిట్స్ ఉన్నాయి’ అని షాపతనితో చెప్పే తీసుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్లడం మేలు.

మిగతా ముగ్గురికీ బయల్దేరకముందే చెప్పండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చెప్పకపోతే వాళ్లు చేసేదేమిటో నాకు తెలుసు: చేతిలో తాళాల గుత్తి పెడతారు, నోట్లో చెంచా కుక్కుతారు. చేయాల్సింది అది కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఇంకొకటి వచ్చినా అంబులెన్స్ పిలవాలి. ఆగని ఫిట్స్‌ని ఆపడానికి ముక్కులో కొట్టే మిడాజోలమ్ స్ప్రే ఉంది. మీ న్యూరాలజిస్టుతో రాయించుకుని, ఎలా వాడాలో ఆ స్నేహితుడికి చూపించండి. నీళ్లలో ఫిట్స్ వస్తే ముఖం పైకి ఉంచి పట్టుకోవాలి, బయటికి తెచ్చాక బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయి ఉండొచ్చు.

క్యాంపులో మంటకు మరీ దగ్గరగా కూర్చోవద్దు. బీరు, మద్యం జోలికి పోవద్దు. గంగస్నానం చెంబుతో, గట్టు మీద. అమ్మ అడిగితే నేనే చెప్పానని చెప్పండి.

రిషికేశ్‌లో వర్షాకాలం రాఫ్టింగ్ ఆపేసి, మళ్లీ సెప్టెంబరు చివర్లో మొదలుపెడతారు. ఈ అక్టోబరుకి మీకు ఫిట్స్ లేకుండా ఏడాది నిండితే, మాత్రలు ఒక్క పూట కూడా తప్పకపోతే, అప్పుడు మీ న్యూరాలజిస్టుని అడగండి. వద్దంటే వద్దు. సరేనంటే చిన్న చిన్న ఉరవళ్లున్న దారి చూసుకోండి.

ఇంతలో నన్ను ఎక్కువ భయపెడుతున్నది చంపావతి. రిషికేశ్‌లో జాకెట్, గైడ్, వెంట ఇంకో పడవ ఉంటాయి. ఇక్కడ సాయంత్రంపూట ఒక్కరే దిగుతారు, కింద ఇసుక తవ్విన గోతులు. ఈ ఉత్తరం చదివిన రోజు నుంచే అది ఆపండి.