బ్యాండ్‌గ్యాప్ కర్వ్ చూసి మురిసిపోకు

హైదరాబాద్

చి. కిరణ్‌కు ఆశీస్సులు.

నీ బ్యాండ్‌గ్యాప్ (వేడి మారినా మారని రిఫరెన్స్ వోల్టేజ్ ఇచ్చే సర్క్యూట్) స్కీమాటిక్ చూశాను. టెంపరేచర్‌తో అవుట్‌పుట్ ఎలా మారుతుందో చూపే కర్వ్ ముచ్చటగానే ఉంది. −40 నుంచి 125 డిగ్రీల దాకా 3 మిల్లీవోల్ట్‌ల తేడా అంటే, 1.2 వోల్ట్ మీద డిగ్రీకి సుమారు 15 పీపీఎం (పది లక్షల్లో 15 వంతులు). కానీ అది టిపికల్ కార్నర్‌లో (తయారీ తేడాలేవీ లేవనుకుని), ఐడియల్ ఆప్‌యాంప్ (రెండు ఇన్‌పుట్‌ల తేడాని పెంచే యాంప్లిఫయర్) బ్లాక్‌తో వచ్చిన లెక్క. చిప్‌ని ముంచేవి ఆఫ్‌సెట్ (ఆప్‌యాంప్ రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఉండిపోయే చిన్న తేడా), స్టార్టప్ (సప్లై ఇచ్చాక సర్క్యూట్ లేవడం).

పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు 1:8 సైజుల్లో పెట్టావు కదా, రెండింటి వీబీఈ (బేస్-ఎమిటర్ వోల్టేజ్) తేడా గది వేడి దగ్గర 54 మిల్లీవోల్ట్‌లే. అది డిగ్రీకి 0.18 మిల్లీవోల్ట్ పెరుగుతుంది. వీబీఈ ఏమో డిగ్రీకి ఇంచుమించు 1.7 నుంచి 2 మిల్లీవోల్ట్‌ల దాకా తగ్గుతుంది. చెల్లుకు చెల్లు కావాలంటే ఆ 54ని పదింతలు చేయక తప్పదు, దాంతోపాటే ఆప్‌యాంప్ ఆఫ్‌సెట్ కూడా పదింతలవుతుంది. 2 మిల్లీవోల్ట్‌ల ఆఫ్‌సెట్ ఉందంటే అవుట్‌పుట్ 20 మిల్లీవోల్ట్‌లు పక్కకి పోతుంది. ఇక నీ 3 మిల్లీవోల్ట్‌లు ఏ మూలకి? ఆప్‌యాంప్ ఇన్‌పుట్ జత ట్రాన్సిస్టర్ల ఏరియా నాలుగింతలు చేస్తే ఆఫ్‌సెట్ సగానికి దిగుతుంది, అంతే. అదీ చాలకపోతే చాపింగో (ఇన్‌పుట్‌లని అటూఇటూ మారుస్తూ ఆఫ్‌సెట్‌ని సరాసరిలో పోగొట్టడం) ట్రిమ్మో (తయారయ్యాక ఒక్కో చిప్‌ని సరిచేయడం) పెట్టాల్సిందే.

అసలు ఆప్‌యాంప్ పెట్టేటప్పుడు ఎన్‌మాస్ (గేట్ వోల్టేజ్ పెరిగితే ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్) ఇన్‌పుట్ జోలికి పోకు. 125 డిగ్రీల దగ్గర వీబీఈ అర వోల్ట్ దరిదాపులకి దిగిపోతుంది, మామూలు ఎన్‌మాస్ జతకి అక్కడ చోటు చాలదు. గేట్ వోల్టేజ్ తగ్గితే ఆన్ అయ్యే పీమాస్ జతే మేలు. కొమ్మలకి కరెంట్ పంచే మిర్రర్ కూడా పీమాసే కాబట్టి, ఆప్‌యాంప్ ప్లస్ ఇన్‌పుట్ రెసిస్టర్ ఉన్న కొమ్మకి కలపాలి. తిరగేస్తే ఫీడ్‌బ్యాక్ లూప్ పాజిటివ్ అయి కూర్చుంటుంది.

ఇక స్టార్టప్. ఈ సర్క్యూట్‌కి కరెంట్ సున్నా అయినా సమ్మతమే, అంటే లేవకుండా అక్కడే ఆగిపోగలదు. డీసీ సిమ్యులేషన్ చాలాసార్లు మంచి పాయింట్‌నే వెతికి చూపించి మనల్ని మోసం చేస్తుంది. ట్రాన్సియెంట్‌లో (కాలంతో మార్పు చూపే సిమ్యులేషన్) సప్లైని సున్నా నుంచి లేపు: ఒకసారి 1 మైక్రోసెకండ్‌లో, ఒకసారి 100 మిల్లీసెకండ్లలో. అన్ని కార్నర్లలోనూ, ముఖ్యంగా −40 స్లో కార్నర్‌లో (ట్రాన్సిస్టర్లు బలహీనంగా వచ్చినప్పుడు). లేచాక స్టార్టప్ ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆగిందా అన్నది మాత్రం 125 దగ్గర చూడు, దాని లీకేజీ (ఆగినా కారే కరెంట్) రిఫరెన్స్‌లో కలుస్తుంది. మన ఊరి మే ఎండకి మేడ మీద మూసిన డబ్బాలో ఉండే బోర్డుకి ఇది కాగితం మీది భయం కాదు.

లేఅవుట్‌లో పీఎన్‌పీలు 3×3గా పేర్చు, ఒంటిది నడిమధ్యన. రెసిస్టర్లన్నీ ఒకే రకం, ఒకే కొలత ముక్కలు, రెండు చివర్లా డమ్మీలు (సర్క్యూట్‌లో పనిచేయని అదే రకం ముక్కలు).

మాంటే కార్లో (తయారీ తేడాలని యాదృచ్ఛికంగా మార్చి చాలాసార్లు చేసే సిమ్యులేషన్) ఫలితాలు మూడు టెంపరేచర్ల దగ్గర, ట్రిమ్‌కి ముందువీ తర్వాతవీ విడివిడిగా పంపు.