రెండున్నరేళ్లుగా ఇంట్లో ఉన్న అబ్బాయి, ఒక నోటుబుక్కు

సింగరాయకొండ కాడ్నుంచి ఒకమ్మ రాసింది. వాళ్లబ్బాయికి ముప్పై ఒకటి, బీటెక్, హైదరాబాద్‌లో ఆరేళ్లు నైట్ షిఫ్టులో కస్టమర్ సపోర్టు చేసి ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేసి ఇంటికొచ్చేశాడంట, రెండున్నరేళ్లయింది, ఏ ఇంటర్వ్యూకీ పోడు, మనసుకి నచ్చిన పని దొరికితే చేస్తా అంటాడు, అదేందో వాడికే తెలీదు, పగలంతా పడుకుంటాడు, తెల్లారగట్ట మాత్రం మేనమామ రొయ్యల గుంటల కాడికి పోయి "ఊరికే నోటుబుక్కు రాసుకుంటా కూర్చుంటాడు సార్, బ్యాంక్ కోచింగ్‌లో చేర్పించమంటారా" అని.

వద్దమ్మా. ఆ ఫీజు డబ్బులు దాచిపెట్టుకోండి.

వాడిది బద్ధకం కాదు, బర్నవుట్ అయ్యుండొచ్చు, అంటే పని ఒత్తిడికి పూర్తిగా అలిసిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బు అనలేదు, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చేదనింది: సత్తువ ఉండదు, పనంటే విరక్తి, ఏం చేసినా చేతగావట్లేదనిపిస్తది. కానీ ఆ ఉద్యోగం వదిలేసి ఇన్నాళ్లయినా తిండీ నిద్రా దార్లో పడలేదంటే అది డిప్రెషన్ కూడా అయ్యుండొచ్చు, అందుకని ముందు ఒంగోలు పెద్దాసుపత్రిలో మానసిక డాక్టర్‌కి చూపించండి, రానంటే 14416కి ఫోన్ చెయ్యమనండి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక సాయం లైను, ఫ్రీ, ఏ రాత్రయినా తెలుగులోనే మాట్లాడొచ్చు. చుట్టాలేమనుకుంటారో అని ఆగబాకండి.

ఇంక ఆ నోటుబుక్కు. నాకు మీ కథంతట్లో బాగా నచ్చింది అదే, మీరేమో ఊరికే అనేశారు! ఫోన్‌లో అడిగితే చెప్పారుగా, గుంటకో పేజీ, ఆక్సిజన్ రీడింగు, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) మిగిలిన మేత, కరెంటు ఎప్పుడు పోయిందీ ఎప్పుడొచ్చిందీ. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారగట్టే, సరిగ్గా ఆ టైముకి పైసా జీతం లేకుండా, ఎవరూ లేపకుండా లేస్తన్నాడు. రీడింగు తగ్గితే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ వేస్తాడు, రొయ్య నిలబడతది, చేసిందానికి ఫలితం కళ్లముందే. హైదరాబాద్‌లో వాడు ఎవరో చేసిన తప్పుకి రాత్రంతా సారీలు చెప్పాడంట, తప్పు సరిచేసే అధికారం మాత్రం వాడి చేతిలో లేదు.

అట్టని గుంటలు లీజుకి తీసుకొని వాడి నెత్తిన పెట్టబాకండి. వైట్ స్పాట్ అనే వైరస్ రోగం తగిలిందంటే పంటంతా పోతది, అప్పు, రాత్రుళ్లు జాగారం, మళ్లీ అదే నరకం. వాడికి కావాల్సింది పగటిపూట పని, నెలజీతం, ఇంకొకరి పెట్టుబడి. రైతులు సీసాల్లో నీళ్లు తెచ్చిచ్చే ఆక్వా ల్యాబులున్నాయే, అట్టాంటి చోట మూడు నెలలు ఒంటిపూట చేరమనండి. బ్యాక్టీరియా టెస్టులు ఆ చదువు చదివినోళ్లకే వదిలెయ్యాలి, పీహెచ్, ఉప్పుశాతం, అమ్మోనియా చూడ్డం మాత్రం నేర్చుకోగలడు, కంప్యూటర్‌లో రైతుల రికార్డు పెట్టడం వాడికి నీళ్లు తాగినంత తేలిక. జీతం పాతదాంట్లో సగం కూడా రాకపోవచ్చు, అప్పుడు మీరు మొహం మాడ్చుకోకూడదు.

గ్యాప్ గురించి అడిగితే ఒక్క ముక్క చాలు: "ఆరోగ్యం బాగాలేక ఆగాను, తర్వాత మా మామ గుంటల లెక్కలు చూశాను." అబద్ధపు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ జోలికి పోవద్దు.

ఈ ఆదివారం మీ తమ్ముణ్ణి భోజనానికి పిలవండి. ఉద్యోగం మాటెత్తబాకండి, ఆ నోటుబుక్కు చూసి ఏ గుంటలో మేత ఎక్కువ మిగిలిపోతోందో మీ అబ్బాయినే చెప్పమనండి.