ఉప్పుగాలికి కారు కింద తుప్పు

ప్రశ్న: మాది భీమిలి, ఇల్లు సముద్రానికి దగ్గర. కారు కొని ఏడేళ్లయింది. మొన్న టైర్లు మార్పిస్తుంటే ముందు చక్రాల దగ్గర లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండికి కలిపే ఇనుప చేతులు), స్ప్రింగులు తుప్పుపట్టి కనిపించాయి. నల్లటి అండర్‌బాడీ కోటింగ్ కొట్టించమని ఒకరు, పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) చేయించమని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: కోటింగ్ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు బండిని లేపి, స్టాండ్లు పెట్టించి, స్ప్రింగు అడుగు చుట్టు మీద టార్చి వేసి చూడండి. స్ప్రింగు కప్పులో కూర్చునే చోట ఇసుక చేరి పెయింటును గీకేస్తుంది. ఉప్పు తేమ అక్కడే నిలిచిపోతుంది. పోయిన వానాకాలం మా షెడ్డుకు ఒక ట్యాక్సీ డ్రైవరు వచ్చాడు. "స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టక్‌మంటోంది, షాకులు పోయాయేమో అన్నా" అన్నాడు. విప్పితే షాకులు బాగానే ఉన్నాయి. అడుగు చుట్టు మాత్రం జానెడు ముక్క విరిగి కప్పులోనే పడి ఉంది. విరిగిన చోట ఒక అంచున గోరంత మేర ఎర్రటి పాత తుప్పు, మిగతాదంతా కొత్త ఇనుములా మెరుస్తోంది. పగులు ఆ గోరంత గుంటలోనే మొదలైంది. మా దగ్గరికి వచ్చేదాకా అతను దానిమీదే కుటుంబాలను తిప్పాడు. తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

కాబట్టి స్ప్రింగు మీద గుంటలు పడి ఉంటే ఏ కోటింగూ వద్దు, రెండు పక్కలా జతగా మార్చేయండి. తుప్పు వదిలిస్తామని యాసిడ్‌లో ముంచనివ్వకండి, జింక్ ప్లేటింగూ చేయించకండి. ఆ పనుల్లో పుట్టే హైడ్రోజన్ స్ప్రింగు ఉక్కులోకి చేరి దాన్ని పెళుసు చేస్తుంది.

లోయర్ ఆర్మ్‌కు పైపై తుప్పే అయితే పౌడర్ కోటింగ్ చేయించవచ్చు. బుష్‌లు (రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్ (గుండులాంటి కీలు) తీయించాకే ఇవ్వండి. పౌడర్ ఓవెన్‌లో 200 డిగ్రీల వేడి దాకా ఉంటుంది, రబ్బరు దానికి తట్టుకోదు. బ్లాస్టింగ్ చేసి (గాలి ఒత్తిడితో రవ్వ కొట్టి తుప్పు వదిలించి), కింద జింక్ ప్రైమర్ (జింకు కలిసిన అడుగు పూత) వేయమనండి. రాయి తగిలి పై పొర లేచిపోయినా, ముందు జింకు అరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. బోల్టు కూర్చునే చోట్ల టేపు వేయించడం మరవకండి. అక్కడ కోటింగ్ ఉంటే నలిగి, బిగించిన బోల్టు వదులవుతుంది.

నల్లటి కోటింగ్‌ను తుప్పు మీద కొట్టించకండి. పైకి నిగనిగలాడుతుంది, పగుళ్లలోంచి దూరిన నీళ్లు మాత్రం ఆరక లోపల ఇనుమును తింటూనే ఉంటాయి. కొందరు పాత ఇంజన్ ఆయిల్ చల్లిస్తారు, దానివల్ల రబ్బరు బుష్‌లు ఉబ్బి చెడిపోతాయి. షాకబ్జార్బర్ రాడ్డుకు ఎటూ క్రోమ్ పూత ఉంటుంది, దానిమీద ఏదీ పడనివ్వకండి.

వారానికోసారి పైపుతో చక్రాల లోపలి పక్క, స్ప్రింగు కప్పులు మంచినీళ్లతో కడగండి. కప్పు అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉంటే, అది బురదతో మూసుకుపోకుండా పుల్లతో తీసేయండి.